కంచె అవతలి సుంకమ్మ

ఊ కొట్టేవాళ్లంతా దగ్గరికి జరగండి. ఊ కొట్టడం చేతకానివాళ్లు ఇంకా దగ్గరికి జరగండి. ఇది దూరంగా ఒంటరిగా కూచుని వినే కథ కాదు.

మన తాతల తాతలు తల్లుల కొంగు పట్టుకుని తిరిగే కాలంలో, బోడికొండ కింద ఒక ఊరుండేది. ఊరంటే పెద్దదేం కాదు. ఈ చివర పిల్లాడు తుమ్మితే ఆ చివర ముసలమ్మ చిరంజీవ అనేది. ఊరికి మూడు వైపులా రాతిగోడలు, గడ్డివాములు. నాలుగో వైపు కొండ. కొండ మీద బండలు, బండల మధ్య గుహలు, గుహల్లో అది.

అది అంటే చిరుతపులి. ఈ ఒక్కసారికే చెప్పాను, ఇక చెప్పను. ఆ ఊళ్లో దాన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు కాదు. పిలిస్తే వస్తుందని భయం. అందుకని 'అది' అనేవారు. అది అరిస్తే రంపంతో దుంగ కోసినట్టుండేది. కోత వినపడినంతసేపూ పరవాలేదు, అది ఇంకా కొండ మీదే ఉన్నట్టు. కోత ఆగిందంటే కొండ దిగినట్టు. అప్పుడు తల్లులు పిల్లల నోళ్లు మూసేవారు, కుక్కలు మంచాల కిందికి దూరేవి.

కొండవైపు ఎండుకంపతో కంచె వేసుకునేవారు. ఆ కంచెని ఆనుకుని ఉన్నది ఒకటే ఇల్లు. గొర్రెలు కాసుకునే పుల్లన్నది, అతని పెళ్లాం సుంకమ్మది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. తొలిచూలు మగబిడ్డ. ఒక మునిమాపు బిడ్డని ఉయ్యాల్లో వేసి, గంజి వార్చడానికి లోపలికి వెళ్లింది. వార్చి వచ్చేసరికి ఉయ్యాల ఊగుతూనే ఉంది. అందులో బిడ్డ లేడు.

కంచెకి చెద పట్టి, కింద జల్లెడంత సందు పడింది. దాన్ని ఎవరూ చూడలేదు. సుంకమ్మా చూడలేదు.

ఆ రోజు సుంకమ్మ లోపలికి ఒక భయం దూరింది. దూరింది మళ్లీ బయటికి రాలేదు. ఆకు రాలితే ఉలిక్కిపడేది. గిన్నె దొర్లితే గోడకి అతుక్కుపోయేది. మొదట్లో ఊరు జాలిపడింది. కొన్నాళ్లు పోయాక జాలి పాతబడి వేళాకోళం అయింది. "భయమైతాంది" అని సుంకమ్మ అంటే, "ఎప్పుడు కాలేదు నీకు?" అని నవ్వేవారు. పిరికి సుంకి అని పేరు పెట్టారు. పేరు పెట్టడానికి ఖర్చేముంది గనక.

పుల్లన్న మంచివాడు. నవ్వలేదు. గొంగళ్లు అమ్ముకోవడానికి సముద్రం వైపు వెళ్లినప్పుడు, అక్కడ ఒక ఇంటి చుట్టూ ముళ్లతీగ అల్లుకుని ఉండడం చూశాడు. దాన్ని దాటి మేక కూడా రాదని ఆ ఇంటివాళ్లు చెప్పారట. నాలుగు పుల్లలు విరిచి, తడిగుడ్డలో చుట్టి, పెళ్లానికి తెచ్చి ఇచ్చాడు. ఇంకో మొగుడైతే గాజులు తెచ్చేవాడు. సుంకమ్మకి మాత్రం ఆ పుల్లల్ని చూస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మనం ఇప్పుడు కాగితం పూలు అంటున్నామే, అదే. అప్పటికి ఆ ఊళ్లో కాగితం చూసినవాళ్లు లేరు కాబట్టి ముళ్లపూలు అనేవారు. సుంకమ్మ పుల్ల పాతింది, చిగురేసింది. ఆ కొమ్మ విరిచి ఇంకోటి పాతింది. అలా పాతుకుంటూ పాతుకుంటూ కొండవైపంతా పచ్చికంచె లేపింది. ఈలోగా మారెక్క అనే కూతురు పుట్టింది. పుల్లన్న ఒక విషజ్వరంలో పోయాడు. సుంకమ్మకి కూతురూ కంచే మిగిలాయి.

సుంకమ్మ ఆ కంచెని ఎలా పెంచిందో వినండి. నరికేది, మేపేది, ఎండబెట్టేది.

ఎండాకాలం వెనకబడి, కొండ మీదికి మబ్బులు వస్తున్నాయనగా నరికేది. పూలున్నాయి కదా అని చూసేది కాదు. మోకాలెత్తున ఉంచి మిగతాదంతా తెగ్గొట్టేది. కొత్త చిగుళ్లు లేచేదాకా, నరికిన కొమ్మలనే అడ్డం పేర్చేది. కొమ్మ మొదలు లోపలికి, ముల్లు బయటికి. లోపలినుంచి మారెక్క లాగితే ముల్లు ముల్లుని పట్టుకుని బిగుసుకునేది.

వానలు పడగానే మేపేది. చివికిన గొర్రెపెంట, పొయ్యి బూడిద, పేడ కలిపిన నీళ్లు. పశువుని మేపినట్టే దగ్గరుండి మేపేది. చిగుళ్లు నిక్కి నిక్కి ఆకాశంలోకి పోతుంటే కొసలు తుంచేది. పైకి పోయే బలం కింద కొమ్మలకి రావాలి, మనల్ని కాచేది కిందే కదా అనేది.

చలిగాలి తిరగ్గానే ఎండబెట్టేది. చుక్క నీళ్లు పోసేది కాదు, పోయనిచ్చేది కాదు. దాహంతో ఉంటేనే ముల్లు గట్టిపడుతుందనేది. ఆ దాహానికే కంచె విరగబూసేది.

ఇదంతా అయ్యాక ఒక పని మిగిలేది. సుంకమ్మ ఒంట్లో వణుకు పుట్టేది ఆ పనికే. ఊరి వాకిలి, అదే గవిని దాటి, ఊరంతా చుట్టుకుని, కంచె అవతలికి వెళ్లేది. వెనక కొండ. ముందు కంచె. నేల మీద బోర్లా పడుకుని, మొదళ్ల మధ్యనుంచి కేకేసేది.

"మారెక్కా, నేను కనపడతాండానా?"

"లేదమ్మా" అనేది మారెక్క లోపలినుంచి.

"అయితే బాగుంది" అని లేచి, వెనక్కి చూడకుండా పరిగెత్తుకొచ్చేది. ఏటా ఇదే. కనపడతాండానా అంటే లేదు. అయితే బాగుంది. ఆమె పరుగు చూసి ఊరు ఏటా నవ్వేది. నవ్వేవాళ్లు ఇళ్లకి గట్టి తలుపులు కూడా పెట్టుకోలేదు. తడికలు కట్టుకుని హాయిగా నిద్రపోయేవారు. అది కొండ మీద కోసుకుంటూనే ఉండేది, ఊళ్లోకి మాత్రం రాలేదు. అది ఎందుకు రావడం లేదని ఒక్కరూ అడగలేదు.

ఇలా ఉండగా ఊరికి ఒక సరదా పుట్టింది.

కంచె పూసినప్పుడు దూరంనుంచి చూస్తే కొండకి ఎర్రచీర కట్టినట్టుండేది. దారినపోయేవాళ్లు ఆగి చూడటం మొదలుపెట్టారు. పక్క ఊళ్లవాళ్లు బండ్లు కట్టుకుని వచ్చారు. ఊరిపెద్ద ఓబుళయ్య వయసులో ఉన్నవాడు, మాటకారి, ఊరంటే ప్రాణం పెట్టేవాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ నాకు ఇంత కష్టం కాదు. అతను సుంకమ్మ గుమ్మం ముందుకి వచ్చి, ఈ ఏడు నరకవద్దని, పూలు ఇంకొన్నాళ్లు ఉండనిమ్మని బతిమాలాడు. పెద్ద మనిషి తన గుమ్మంలో నిలబడేసరికి సుంకమ్మ గోడవారకి జరిగింది. "భయమైతాంది నాయనా" అని మాత్రం అంది. అతను నవ్వేసి వెళ్లిపోయాడు. ఆ ఏడు కంచె నరకలేదు.

మరుసటి ఏడు కొడవలి నూరుకుంటుంటే మళ్లీ వచ్చాడు. ఈసారి నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. కంచె నిరుటికంటే రెండింతలు పూసిందని, జాతరకి చుట్టుపక్కల ఊళ్లన్నీ వస్తున్నాయని, ఈ ఒక్క ఏడు ఆగమని అన్నారు. "భయమైతాంది నాయనా" అంది. నలుగురూ నవ్వారు. ఆ ఏడూ నరకలేదు.

ఆ జాతరలోనే తిక్కమ్మ అనే ఆవిడకి పూనకం వచ్చింది. జుట్టు విరబోసుకుని, వేపమండలు పట్టుకుని, కంచెవైపు చేయి చాపి, అది నా జడ, నా జడ మీద కొడవలి పెడితే ఊరుకోను అని ఊగిపోయింది. ఊరు ఊరంతా సాష్టాంగపడింది. తిక్కమ్మ నోట పలికింది అమ్మవారో, ఊరి సరదాయో, నాకు తెలియదు. అంత పెద్ద మాట అనడానికి నేనెవర్ని. ఏదైతేనేం, మూడో ఏడు సుంకమ్మ కొడవలిని తీసుకెళ్లి ఓబుళయ్య చావిడి చూరులో పెట్టారు.

ఇక ఆ కంచెకి భోగమే భోగం. అమ్మవారి జడ కదా. ఎండాకాలంలో ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి పోశారు. మొక్కుకున్నవాళ్లు పాలు పోశారు. గంపలకొద్దీ ఎరువు వేశారు. మేపారు, మేపారు, మేపారు. నరకడం లేదు, ఎండబెట్టడం లేదు. కంచె మిద్దెలెత్తు లేచింది. పూలన్నీ నడినెత్తికెక్కాయి. అందరూ తలెత్తి చూసి దండం పెట్టారు.

కిందికి ఎవరూ చూడలేదు. పైన గొడుగు పట్టినంత నీడ. ఆ నీడకి కింది కొమ్మలు ఎండి రాలిపోయాయి. పెళ్లిపందిరి చూశారా? పైనంతా పూలు, కింద ఒట్టి గుంజలు. కంచె అలా తయారైంది.

మొదట సుంకమ్మ ఇంటి కుక్క పోయింది. కుక్కలు ఎటో పోతుంటాయి అన్నారు. తర్వాత ఓబుళయ్య మేకపిల్ల పోయింది. ఏ దొంగ పనో అన్నారు. ఆ తర్వాత దూడ పోయింది. మట్టిలో పంజా గుర్తు పడింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఇంత ఎత్తు కంచెని అది ఎలా దూకింది, అమ్మవారికి ఏదో కోపం వచ్చి ఉంటుంది అనుకున్నారు. అనుకుని ఏం చేశారంటారా? కంచెకి ఇంకాస్త ఎరువు వేశారు.

సుంకమ్మకి పగలు అమ్మవారి భయం, చీకటి పడితే దాని భయం. ఇప్పుడు ఇంకోటి తోడైంది. మారెక్క పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆడబిడ్డని కన్నది. పాత దూలానికే, పాత ఉయ్యాల తాడే కట్టారు. ఆ తాడు ఊగుతుంటే సుంకమ్మ ముద్ద మింగలేకపోయేది. లేచి వెళ్లి ఉయ్యాలలో చేయి పెట్టి చూసి వచ్చేది. కూచునేది. మళ్లీ లేచేది.

జాతర మళ్లీ వచ్చింది. గుడి ఊరికి అటు చివర, గవిని దాటి, వాగు ఒడ్డున. పొద్దు వాలకముందే డప్పులు మోగాయి. ముసలీ ముతకా అందరూ వెళ్లారు. పురిటి మైల ఉంది కాబట్టి మారెక్క వెళ్లకూడదు. సుంకమ్మ వెళ్లకూడదు. ఊరు మొత్తానికి ఆ ఇద్దరు ఆడవాళ్లు, ఒక పసికందు మిగిలారు.

కొండ మీద అది కోస్తోంది. డప్పుల మధ్యనుంచి వినపడుతోంది. సుంకమ్మ పొయ్యి ముందు కూచుని ఆ కోత వింటోంది.

కోత ఆగింది.

సుంకమ్మ లేచింది. కూతుర్ని కంచె దగ్గర నిలబెట్టి, గవిని దాటి, అవతలికి పరిగెత్తింది. ఇంకా కాస్త వెలుగుంది. బోర్లా పడుకుంది.

"మారెక్కా, నేను కనపడతాండానా?"

మారెక్క లోపలినుంచి వంగి చూసింది.

"కనపడతాండావమ్మా. నీ మొగమంతా కనపడతాంది."

సందులు మూడున్నాయి. మొదటిదాంట్లో కుక్క పడుతుంది. రెండోదాంట్లో దూడ పడుతుంది. మూడోదాంట్లో మనిషి పాకి రావచ్చు. బిడ్డని తీసుకుని ఎక్కడికి పోవాలి? ఊళ్లో అన్నీ తడికలే. గుడి దగ్గరికి పరిగెడదామంటే వాగు దారి కొండ అంచునే పోతుంది. కేకేస్తే డప్పుల్లో వినేదెవరు?

ఓబుళయ్య చావిడిలో ఉన్న కొడవలి తెమ్మని కూతురికి చెప్పింది. మారెక్క బాలింత ఒంటితోనే పరిగెత్తి, చూరులోంచి లాగి తెచ్చి, సందులోంచి అవతలికి అందించింది. కొడవలి చేతికి వచ్చాక సుంకమ్మ తలెత్తి పూలవైపు చూసింది.

"అమ్మా, నీ జడ కోస్తాండా. కోపమొస్తే నన్ను తిను. నా మనవరాల్ని ముట్టొద్దు" అంది. ఆ మాట అమ్మవారితో అందో, దానితో అందో, ఆ క్షణాన ఆమెకే తెలియదు.

అవతలికి వేలాడుతున్న కొమ్మని లాగి నరికింది. పూలన్నీ నెత్తిన పడ్డాయి. కొమ్మ మొదలు లోపలికి, ముల్లు బయటికి. మొదలుని సందులోకి తోసింది. "లాగు" అంది. మారెక్క లాగింది. ముల్లు ముల్లుని పట్టుకుంది. ఇంకో కొమ్మ. లాగు. ఇంకో కొమ్మ. లాగు. మొదటి సందు మూసుకుంది. చేతులనుంచి నెత్తురు కారుతోంది. వెనక రాయి ఒకటి దొర్లింది. సుంకమ్మ వెనక్కి చూడలేదు. చూస్తే చేతులు పనిచేయవని ఆమెకి తెలుసు.

రెండో సందు. కొమ్మ, లాగు. కొమ్మ, లాగు. అదీ మూసుకుంది. చీకటి పడుతోంది.

మూడో సందు దగ్గరికి వచ్చేసరికి చేతికి అందే కొమ్మలు అయిపోతున్నాయి. ఉన్నవన్నీ పైకి పోయినవే. అందినవి నరికి తోసింది. సందు కుంచించుకుపోయి చివరికి జల్లెడంత మిగిలింది. జల్లెడంత సందు ఏం చేయగలదో సుంకమ్మకి తెలిసినట్టు ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

"అమ్మా, నువ్వు లోపలికి రా. ఈ కొమ్మలు ఎనక్కి తోస్తా, పాకి రా" అని మారెక్క ఏడుస్తోంది.

"నేను దూరిన సందులో నా ఎనకాలే అదీ దూరుతాది. తియ్యొద్దు."

"మళ్లా నువ్వు?"

సుంకమ్మ కంచెకి వీపు ఆనించి కూచుంది. జరిగి జరిగి, ఆ జల్లెడంత సందులోకి వీపుని నొక్కి పెట్టింది. ముళ్లు రవిక దాటి దిగాయి. ఇప్పుడు ఆమె ముఖం కొండవైపుంది. బతుకంతా కొండకి ముఖం చూపించని మనిషి.

"మారెక్కా, కనపడతాండానా?"

"నీ ఈపు తప్ప ఏం కనపడలేదమ్మా."

"సందు?"

"లేదు."

"అయితే బాగుంది" అంది.

మారెక్క కొమ్మల మధ్యనుంచి చేయి పెట్టి తల్లి వీపు మీద ఆనించింది. ఆ వీపు వణుకుతోంది. జ్వరం వచ్చిన పిల్ల వణికినట్టు వణుకుతోంది. సుంకమ్మ లేచి పరిగెత్తవచ్చు. పరిగెత్తలేదు. నాకు భయమైతాందే అని మెల్లగా అంది. అప్పుడు ఇంట్లో బిడ్డ ఏడ్చింది. బిడ్డ దగ్గరికి పొమ్మని సుంకమ్మ గట్టిగా కసిరింది. పుట్టాక ఆమె ఎవరినైనా కసిరింది అదే మొదలు, అదే ఆఖరు. మారెక్క వెళ్లింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చూసినవాళ్లు లేరు.

ఊరు కాగడాలతో తిరిగొచ్చింది. మారెక్క చెప్పింది విని కంచె అవతలికి పరిగెత్తింది. సుంకమ్మ కూచున్నచోటే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కొడవలి ఒళ్లో ఉంది. నెత్తి మీద, భుజాల మీద ఎర్రపూలు. ముళ్లు గీరిన గాట్లు తప్ప ఒంటి మీద ఒక్క గాయం లేదు. ప్రాణం మాత్రం లేదు.

కాగడా దించి నేల చూశారు. పంజా గుర్తులు కంచె పొడవునా ఉన్నాయి. మొదటి సందు దగ్గర ఆగి తవ్విన గుర్తు. రెండో సందు దగ్గర ఆగి తవ్విన గుర్తు. మూడో చోట తవ్వలేదు. సుంకమ్మకి బారెడు దూరంలో, ఎదురుగా కూచున్న గుర్తు ఉంది. మట్టి బాగా నలిగింది, చాలాసేపే కూచుని ఉంటుంది. ఆ తర్వాత గుర్తులు కొండవైపు తిరిగాయి.

భయంతో గుండె ఆగి ఉంటుందని ఒకరన్నారు. అవును, భయంతోనే. దాచడమెందుకు, ఆమె భయస్తురాలే. పిరికి సుంకి అని ఆ రోజు మాత్రం ఎవరి నోటా రాలేదు. ఓబుళయ్య అందరి ముందు నేల మీద బోర్లా పడుకుని, కంచె మొదళ్లని మొదటిసారి చూశాడు. చాలాసేపు లేవలేదు. తిక్కమ్మ అతని పక్కన కూచుని, తాను చూసింది పైన పూలనేనని ఏడ్చింది.

ఆ ఏడు మబ్బులు రాకముందే ఓబుళయ్య ఆ కొడవలి తీసుకుని తానే మొదటి కొమ్మ నరికాడు. అమ్మవారు ఏమీ అనలేదు. వానలకి మేపారు, చలికి ఎండబెట్టారు. కంచె మొదలునుంచి కొసదాకా పూసింది.

ఇప్పటికీ బోడికొండ కింద కొత్త మబ్బు కనపడితే, మిగతా పనులన్నీ మాని ముందు కంచె నరుకుతారు. మొదట నరికిన పూలకొమ్మ గుడికి పోదు. కంచె అవతల, మూడో సందు ఉన్నచోట, ఒక రాయి ముందు పెడతారు. వానలకి మేపి చలికి ఎండబెట్టాక, ఇంటికొకరు గవిని దాటి అవతలికి వెళతారు. నేల మీద బోర్లా పడుకుని, "కనపడతాండానా?" అని కేకేస్తారు. లోపల పిల్లా పెద్దా బారులు తీరి నిలబడి, మొదళ్లలోకి తొంగిచూసి, ఒక్క గొంతుతో జవాబు చెప్తారు.

"నీ ఈపు తప్ప ఏం కనపడలేదు సుంకమ్మవ్వా."

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను, ఇక ఊ కొట్టక్కర్లేదు. ఏ ఊళ్లోనైనా పిల్లలు భయమేస్తోంది అంటే పెద్దవాళ్లు నవ్వుతారు, భయమెందుకు అంటారు. ఆ ఊళ్లో నవ్వరు. పసిబిడ్డ భయమైతాంది అన్నా సరే, చేతిలో పని కింద పెట్టి, "యాడ?" అని అడుగుతారు. అడిగి, వంగి చూస్తారు.